చీర రెండో కొస

"మీ అమ్మాయి అన్నీ మరిచిపోయింది" అని బెన్ అన్నప్పుడు నా చేతిలో చీరల మూట ఉంది. లేకపోతే ఆ చెయ్యి ఏం చేసేదో నాకే తెలియదు.

బెన్ అంటే మా అమ్మాయి టీచరు. సూరత్‌లో టీచరునైనా, కూరగాయలమ్మే ఆమెనైనా, నన్నైనా అందరూ బెన్, అంటే అక్కా, అనే పిలుస్తారు. ఆ రోజు బల్లకు అటు ఒక బెన్, ఇటు ఒక బెన్. మధ్యలో, పదేళ్లు దాటినా ఇంకా మాటలు రాని నా కూతురు. కరోనా వచ్చిన తరువాత ఆ బడి గేటు మా కోసం తెరుచుకోవడం అదే మొదటిసారి.

మామూలు పిల్లలకు వేసవి సెలవులంటే ఆట. మా పిల్లలకు మరుపు. ఏడాదంతా కిందామీదా పడి నేర్చుకున్న నాలుగు పనులు, అలవాటు తప్పితే నెల తిరిగేసరికి జారిపోతాయి. అందుకే బుద్ధి నెమ్మదిగా ఎదిగే పిల్లల కోసం పెట్టిన ఆ బడి, వేసవిలోనూ పొద్దున పూట క్లాసు నడిపేది. శనివారాలు తల్లులను కూడా కూర్చోబెట్టేవారు. పిల్ల మంకుపట్టు పడితే ఏం చేయాలో, చొక్కా గుండీలు ఎలా నేర్పాలో చెప్పేవారు. అది అయ్యాక మేమంతా మా ఏడుపులు ఏడ్చుకుని, ఒకరినొకరు ఆటపట్టించుకుని, మేముండే డిండోలి దాకా ఒకే ఆటోలో ఇరుక్కుని వచ్చేవాళ్లం. నిజం చెప్పాలంటే ఆ ఆటోయే నాకు పెద్ద ఆసరా.

ఆ శనివారాల్లో ఒక మాట పదే పదే చెప్పారు. పిల్లతో ఒక్క భాషలోనే మాట్లాడండి, అదీ బడిలో నేర్పే గుజరాతీలోనే. ఇంటి భాష కలిపితే పిల్ల తికమకపడుతుంది అని. నేను సిరిసిల్ల దగ్గర పుట్టి పెరిగి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చినదాన్ని. నా గుజరాతీ కూరగాయల బేరానికి సరిపోతుంది. దానితో కూతురిని ఎలా ముద్దు చేయను? కోపం వస్తే ఎలా తిట్టను? ఒడ్డున కూర్చున్నవాళ్లు ఎన్నయినా చెబుతారు. సరేనని తల ఊపి ఇంటికి వచ్చి నా తెలుగే మాట్లాడాను.

తరువాత బడి మూతపడింది. మా ఆయన మగ్గాలు నడిపే కార్ఖానా కూడా మూతపడింది. ఒక్క గదిలో ముగ్గురం మిగిలాం. బడి నుంచి ఫోనులో వీడియోలు వచ్చేవి. బెన్ అందులో కనిపించి, కూర్చో, చప్పట్లు కొట్టు అని గుజరాతీలో చెప్పేది. మా అమ్మాయి ఫోను తిప్పి వెనక వైపు చూసేది, బెన్ ఎక్కడ దాక్కుందోనని. కనిపించకపోతే ఫోనును మంచం కిందికి విసిరేది. పిల్లను ఏదో ఒక పనిలో పెట్టండి, మీరు ప్రశాంతంగా ఉండండి అని మెసేజులు. మా వాడలో సగం మంది ఊళ్లకు పోయే రైలు కోసం పడిగాపులు కాస్తున్నారు, నా బియ్యం డబ్బాలో అడుగు కనబడుతోంది, ఇంకెక్కడి ప్రశాంతత!

మార్కెట్లు తెరిచాక చీరల సేఠ్ దగ్గర నుంచి చీరలకు రాళ్లు అంటించే పని ఇంటికి తెచ్చుకున్నాను. మా వరండాలో ఆడవాళ్లంతా చేసే పనే అది. జిగురు ఆరాక చీరను ఇద్దరు చెరో కొస పట్టుకుని మడతపెట్టాలి. ఒక్కరే మడిస్తే అంచులు కలవవు, రాళ్లు ఊడిపోతాయి. మా ఆయన మళ్లీ డ్యూటీకి పోతున్నాడు. ఇరుగుపొరుగు ఆ రోజుల్లో గడప తొక్కేవాళ్లు కాదు. మిగిలింది నా కూతురు.

రెండో కొస దాని చేతిలో పెట్టి "పట్టు" అన్నాను. వదిలేసింది. చీర నేల మీద పడింది, రాళ్లు రాలాయి, నాకు ఒళ్లు మండింది. మళ్లీ పెట్టాను. డ్యూటీకి బయలుదేరిన మా ఆయన చెప్పులు వేసుకుంటూ ఆగాడు.

"పిల్లతోని ఏంది గీ పని? చీర ఖరాబైతది గద."

"కానియ్యి. చీర ఖరాబైతే ఇంకో చీరొస్తది. పిల్ల ఖరాబైతే?"

"సేఠ్ మాల్ వాపస్ కొడ్తడే."

"కొట్టనియ్యి."

ఆయన రెండో చెప్పు వేసుకుని వెళ్లిపోయాడు. నాతో వాదించి గెలిచిన అలవాటు ఆయనకు లేదు.

పట్టు. రా. ఇయ్యి. పో. మా ఇంటి బడిలో పాఠాలు ఇవే. చీర బిగువుగా పట్టుకోవాలి, నా వైపు నడిచి రావాలి, తన కొస నా చేతికి ఇయ్యాలి, కింద వేలాడే మడతను అందుకుని వెనక్కి పోవాలి. వానలు తగ్గేసరికి పట్టుకోవడం వచ్చింది. దీపావళి దాటాక నడిచి రావడం వచ్చింది. ఇయ్యడం మాత్రం చాలా కాలం రాలేదు. దగ్గరికొచ్చి చీరను గుండెకు హత్తుకుని నిలబడేది. చిలుకాకుపచ్చ చీర ఒకటి మడుస్తుండగా ఉన్నట్టుండి ఇచ్చేసింది. నేను ఆ చీరలోనే ముఖం దాచుకుని ఏడ్చాను. రాళ్లు బుగ్గకు గుచ్చుకున్నాయి.

నోటితో మాత్రం ఒక్క మాట కూడా అనేది కాదు. వినేది, చేసేది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. మా అమ్మాయి పుట్టినప్పటి నుంచీ వింటూనే ఉంది.

రెండు వేసవులు అలా పోయాక, బడిలో మళ్లీ వేసవి క్లాసు పెడుతున్నారని కబురు వచ్చింది. కొద్దిమందినే తీసుకుంటారట, ముందు పిల్లలను పిలిచి చూస్తారట. వచ్చేటప్పుడు చీరలు సేఠ్ కొట్లో ఇచ్చి రావచ్చని మూట వెంట పెట్టుకునే పోయాను.

బెన్ బాగా చిక్కిపోయింది. రెండో విడత కరోనాలో వాళ్ల నాన్న పోయాడని నాకు తరువాత తెలిసింది. ముఖానికి మాస్కు, దాని మీద ప్లాస్టిక్ తెర. ఆ తెర వెనక నుంచే గుజరాతీలో కూర్చోమంది, దగ్గరికి రమ్మంది, బల్ల మీది బంతి ఇమ్మంది. మా అమ్మాయి కదల్లేదు. మెడ సాచి ఆ ప్లాస్టిక్ తెర పక్క నుంచి వెనక్కి తొంగి చూసింది, అంతే.

అప్పుడే బెన్ ఆ మాట అన్నది. మేము మాట్లాడుకున్నది హిందీలో. నా హిందీ ఎప్పుడూ సగం సిరిసిల్లే కాబట్టి నా మాటలు అలాగే రాస్తున్నాను.

"అన్నీ మరిచిపోయింది. ఈ సెలవులకు ఇంట్లోనే ఉంచండి బెన్. సీట్లు తక్కువ. నేర్చుకోగలిగిన పిల్లలకే ముందు ఇవ్వమని పైనుంచి చెప్పారు."

నేర్చుకోగలిగిన పిల్లలు! అప్పటిదాకా ఉన్న బెరుకు ఆ మాటతో పోయింది. ఈ వేసవి కూడా ఇంట్లోనే అంటే, ఇక బడికే రానక్కరలేదని చెప్పడమే. నాకు ఆ మాత్రం తెలుసు.

"మరువలే," అన్నాను. "జర ఆగుండ్రి."

మూట విప్పి ఒక చీర తీశాను. ఒక కొస పిల్ల చేతిలో పెట్టి "పట్టు" అన్నాను. పట్టుకుంది. రా అంటే వచ్చింది, ఇయ్యి అంటే ఇచ్చింది, పో అంటే మడత అందుకుని వెనక్కి నడిచింది. ఆ చిన్న గదిలో గోడకు వీపు తగిలేదాకా నడిచింది.

బెన్ అంతా చూసింది. కానీ ఒప్పుకోలేదు.

"ఇది మీరు చెబితే చేస్తోంది. క్లాసులో నేను చెబితే చేయాలి కదా?"

అది సబబైన మాటే. నాకు ఇంకా కోపం వచ్చింది.

"అయితే మీరే చెప్పుండ్రి," అని చీర మడత విప్పి నా కొస ఆమె చేతిలో పెట్టాను. "కానీ దానికి తెలిసిన మాటలల్ల చెప్పాలె. మీ బడి మూసుకున్నది గని, నా నోరు మూసుకోలే. రెండేండ్లు అది నా తెలుగుల చదువుకున్నది."

బయటికి పొమ్మంటుందనుకున్నాను. ఆమె లేచి ప్లాస్టిక్ తెర నుదుటి మీదికి ఎత్తుకుంది. నేను ఒక్కో మాటా అందించాను.

"పట్టు," అంది బెన్, గుజరాతీ యాసలో. పిల్ల పట్టుకుంది.

"రా."

వచ్చింది. ఆమె ఎదురుగా నిలబడి మాస్కు పైన ఆ కళ్లను చాలాసేపు చూసింది.

"ఇయ్యి."

పిల్ల ఇవ్వలేదు. చీరను గుండెకు హత్తుకుంది, వెనకటి లాగే. బెన్ మళ్లీ "ఇయ్యి" అంది, ఈసారి మెల్లగా. మా అమ్మాయి ఒక చెయ్యి చీర మీదే ఉంచి, రెండో చెయ్యి ఆమె ముందు చాపింది.

"ఇయ్యి," అంది.

నా కూతురి గొంతులో మాట వినడం నాకు అదే మొదటిసారి. అదీ ఒక టీచరుకు హుకుం వేస్తూ.

బెన్ తన కొసను దాని చేతిలో పెట్టేసింది. సోమవారం నుంచి తీసుకురమ్మని నాతో అంది.

నేను థాంక్స్ చెప్పలేదు. ఆ సీటు జాలిపడి ఎవరూ ఇవ్వలేదు. నా కూతురు నోరు తెరిచి అడిగి తీసుకుంది.