వైస్‌లో రెండు స్ప్రింగులు

నా చిన్నప్పుడు మా నాన్నా, చిన్నాన్నా ఒకే కంచం ఒకే మంచం అన్నట్టుండేవారు. వాళ్ళని విడదీసింది ఆస్తి కాదు, ఆడవాళ్ళ మాటలూ కాదు. నా పిడికిట్లో ఇమిడిపోయే ఒక ఇనప స్ప్రింగు.

కంచరపాలెంలో రైలుపట్టాల పక్కన వాళ్ళకి కార్లు బాగుచేసే షెడ్డుండేది. వన్ టౌన్ షావుకారు ఒకాయనకి రేసుల పిచ్చి. మద్రాసు రేసుకి తన కారు సిద్ధం చేసే పని నాన్నకిచ్చి, నడిపే అవకాశం చిన్నాన్నకిచ్చాడు. ఆ రోజునుంచి చిన్నాన్న కాళ్ళు నేల మీద ఆనలేదు. మా నాయనమ్మయితే కనబడ్డ వాళ్ళందరికీ చెప్పుకుంది.

కారు లారీ ఎక్కాల్సిన రోజు మధ్యాహ్నం నేను అన్నం క్యారేజీ పట్టుకెళ్ళేసరికి ఇంజను విప్పి ఉంది. జోరుగా తోలితే తడబడుతోందట. ఇంజనులో వాల్వులంటే తలుపుల్లాంటివని నాన్న నాకు చెబుతుండేవాడు. ఒక్కో తలుపునీ టక్కున మూసేది ఒక స్ప్రింగు. అది నీరసిస్తే తలుపు మూసుకునేలోపే కిందనుంచి పిస్టన్ వచ్చి గుద్దుతుంది. ఆ వేగంలో ఇంజను పట్టేస్తే కారేమవుతుందో, అందులో మనిషేమవుతాడో చెప్పలేం.

చిన్నాన్న స్ప్రింగులన్నీ బల్ల మీద వరసగా నిలబెట్టి ఎత్తు కొలిచాడు. అన్నీ సమానంగానే ఉన్నాయి. "బాగానే ఉన్నాయి కదన్నయ్యా, ఇంకేటి నీ సాదస్తం?" అన్నాడు.

"నిలబెట్టి సూత్తే అన్నీ ఒకటేరా. నొక్కితేనే తెలుస్తాది," అన్నాడు నాన్న. కొత్త స్ప్రింగొకటీ పాతదొకటీ ఎదురెదురుగా పెట్టి, మధ్యన రేకుముక్క అడ్డం పెట్టి, బల్లకున్న వైస్‌లో, అదే పిడి తిప్పితే బిగుసుకునే ఇనప పట్టులో, దవడల మధ్య ఇరికించాడు. పిడి తమ్ముడి చేతికిచ్చి తిప్పమన్నాడు. రెండిటి మీదా పడేది ఒకటే బరువు. కొత్తది కొంచెమే తగ్గింది, పాతది చుట్టలన్నీ దగ్గరపడేదాకా కుంగిపోయింది. మిగతావీ అలాగే చూస్తే ఇంకో రెండు కుంగాయి. అవి పైదేశం నుంచి తెప్పించినవి, అదనంగా ఉన్నది ఆ కొత్తదొక్కటే, మార్చాల్సినవి మూడు.

"నాను బిగించను. నువ్వు తోలవు," అన్నాడు నాన్న.

"నాను పైకొత్తే నీకు కడుపుమంట," అన్నాడు చిన్నాన్న. నాన్న గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

తమ్ముణ్ణి పంపనని నాన్న తేల్చేయడంతో షావుకారు ఇంకెవరిచేతో పాత స్ప్రింగులే బిగించి, ఇంకో డ్రైవరుతో కారు పంపేశాడు. రేసు రోజున షెడ్డుకి వెళ్తే నాన్న గోడమీది అప్పన్నస్వామి పటం ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. "నా మాటే తప్పవ్వాలి తండ్రీ. ఆ పిల్లడు ఇంటికి రావాలి," అంటున్నాడు. ఆ డ్రైవరు ముఖం కూడా ఆయనెప్పుడూ చూసి ఎరగడు.

కారుకి గీత కూడా పడలేదు. పైగా కప్పు పట్టుకొచ్చింది. కబురు వినగానే నాన్న నేలమీద చతికిలబడి, "మంచిదయ్యింది," అన్నాడు. చిన్నాన్నకి అది వెటకారంలా వినబడింది. ఆ నెలలోనే గాజువాకకి మారిపోయాడు. నేను విన్న మొక్కు సంగతి పెద్దయ్యాక ఆయనకి చెప్పాను. "మీ నాన్నని వెనకేసుకొత్తన్నావ్," అన్నాడు. మా ఇంట్లో మళ్ళీ మెతుకు ముట్టలేదు.

నాన్న చూసింది తప్పు కాదని నాకిప్పటికీ నమ్మకం. కానీ తన మాట నెగ్గాలని కాకుండా ఓడిపోవాలని దేవుణ్ణి వేడుకున్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఈమధ్య మా మనవడు, దెబ్బతింటావని నేను వద్దన్న దారినే వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ, నేను చెప్పిందే జరగాలని కూర్చుంటానని ఎత్తిపొడిచాడు. వాడి బండి చప్పుడు సందు మలుపు దాటాక నేను లోపలికెళ్ళి, నా మాట అబద్ధం చెయ్యమని అప్పన్నకి దణ్ణం పెట్టుకున్నాను.