లైను చివర భద్రు

ఎక్కడైనా లైను కనబడిందంటే చాలు, భద్రు వెళ్ళి చివర నిలబడాల్సిందే. ఏమిస్తున్నారు, ఎందుకిస్తున్నారు, అది మనకు పనికొస్తుందా అన్నవి నిలబడ్డాక అడగాల్సిన ప్రశ్నలు. జూలూరుపాడు పక్క తండాలో పుట్టిన ఇలాంటి మనిషిని, ఎనభైల మొదట్లో సర్కారు వాళ్ళు ఏరికోరి బొగ్గుగనుల చదువుకు పోలండు పంపారు. అదీ, సబ్బు బిళ్ళ కోసం కూడా వీధి మలుపు తిరిగేంత లైను ఉండే క్రాకో పట్నానికి! ఇంకేముంది, వచ్చిన వారంలోనే భద్రు బెంగ తీరిపోయింది.

బెంగ పట్టుకున్నది అతని గదిలో పడ్డ బసవపున్నయ్యకు. సత్తుపల్లి రైతుబిడ్డ, పద్ధతైనవాడు, చొక్కా ఇస్త్రీ నలిగితే అన్నం సహించనివాడు. ఒక సాయంత్రం చదువుకుంటూ తలెత్తేసరికి గుమ్మంలో భద్రు నిలబడి ఉన్నాడు. మెడలో పూలదండ వేసుకున్నట్టు టాయిలెట్ కాగితం చుట్టల దండ.

“ఏమిట్రా ఈ వేషం?”

“లైనుండె. నిలబడ్డ.”

“ఇవి మనకెందుకురా?”

“మనకెందుకు? మనకు చెంబున్నది.”

“మరి ఎందుకు కొన్నావు?”

“చెప్తున్న గదరా, లైనుండె!”

ఆ తర్వాత బల్బులొచ్చాయి. ఇల్లు తుడిచే కర్ర వచ్చింది. పసిపిల్లల ఊలు మేజోళ్ళొచ్చాయి. క్రిస్మస్ ముందు ఏకంగా బతికున్న చేపే వచ్చింది. భద్రు దాన్ని హాస్టలు స్నానపు తొట్టిలో వదిలాడు. తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిన పున్నయ్య, లోపల ఎవరో ఉన్నట్టుగా గబుక్కున తలుపు మూసి వెనక్కొచ్చాడు.

“నేను స్నానమెట్లా చెయ్యాలిరా?”

“దాని పక్కకు పోస్కోరా. అది ఏమనదు.”

రెండు రోజులకు తొట్టిలో చేప లేదు. “ఏమైందిరా?” అంటే, “పోయింది” అన్నాడు భద్రు. “ఎక్కడికి? నడిచి పోయిందా?” అంటే, “పోయింది తియ్” అని దుప్పటి ముసుగుపెట్టాడు. అతను తెచ్చినవన్నీ ఇట్లాగే మాయమయ్యేవి.

ఒక ఆదివారం ఇద్దరూ పెద్ద చర్చి చూడబోయారు. పున్నయ్య పైకప్పు బొమ్మలు చూస్తున్నంతలో భద్రు కనబడలేదు. ఇంకెక్కడుంటాడు? గోడవార లైనులో ఉన్నాడు. పాపాలు ఒప్పుకునే వాళ్ళ లైను అది. భద్రు పోలిష్ భాష కూడా జూలూరుపాడు యాసలోనే మాట్లాడేవాడు. చెక్క కిటికీ దగ్గర కూర్చున్నాడు, “ఏమిస్తున్నరు ఫాదర్?” అన్నాడు.

“క్షమ, నాయనా.”

“మంచిగున్నది. నాకొకటియ్యిండ్రి. మా పున్నయ్యకు ఇంకొకటి.”

ఇవన్నీ ఒక ఎత్తు, చెప్పు సంగతి ఒక ఎత్తు. జూలూరుపాడు కిరోసిన్ డిపో ముందు ఎవరూ ఎండలో నిలబడరు. డబ్బానో, రాయినో, చెప్పునో వరుసలో పెట్టి నీడకు పోతారు. అది లైనులో ఉంటే మనిషి ఉన్నట్టే, ఎవరూ కాదనరు. భద్రు తల్లి ద్వాలి చెప్పులు ఆ డిపో ముందున్నంత సేపు ఆమె కాళ్ళకు ఉండి ఉండవు. భద్రు కూడా తన నీలంపట్టీ హవాయి చెప్పును మంచులో, దుకాణం ముందు లైను చివర పెట్టి, ఎదురుగా ఉన్న హాస్టలు అద్దాల వరండాలోకి వచ్చేశాడు. టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన ఆ చెప్పు పట్టుకుని వెనకే వచ్చాడు.

“బాబూ, మరిచిపోయావు.”

భద్రు దణ్ణం పెట్టి, దాన్ని తీసుకెళ్ళి మళ్ళీ అక్కడే పెట్టాడు. ఆయన మళ్ళీ తెచ్చాడు.

“తాతా, అది చెప్పు గాదు. నేనే.”

“నువ్వా?”

“అవ్. నన్ను గాడ్నే ఉండనియ్యి.”

ముసలాయన ఈసారి తనే చెప్పును తీసుకెళ్ళి లైనులో పెట్టాడు. మర్నాడు తన సంచీని లైనులో నిలబెట్టి వరండాలోకి వచ్చి కూర్చున్నాడు. చలి ముదిరేసరికి ఆ వీధి లైనులో మనుషులు తగ్గారు, సామాను పెరిగింది. ఆ వీధిలోనే ఉండే హెలెనా అవ్వ చేతికర్ర, ఇంకో అవ్వ గొడుగు, ఎవరిదో ఖాళీ బుట్ట. అవ్వలంతా వరండాలో వేడి గొట్టం పక్కన చేరి ఊలు అల్లుకుంటుంటే, భద్రు ఒక్కడే బయట మంచులో నిలబడి, లైను కదిలినప్పుడల్లా వాటిని ముందుకు జరిపేవాడు.

“ఉపాయం కనిపెట్టినవాడివి నువ్వే బయట వణకడమేంట్రా?” అని పున్నయ్య నవ్వాడు.

“ఎవరో ఒకరు జరపాలె గదా!”

ఇంతలో ఆపద ముంచుకొచ్చింది. భద్రు సామాను దాచి ఎక్కువ ధరకు అమ్ముకుంటున్నాడని ఎవరో వార్డెనుకు ఫిర్యాదు చేశారు. వార్డెను గదికొచ్చి మంచం కిందున్న సబ్బులు చూశాడు.

“ఇవన్నీ ఎవరికమ్ముతున్నావు?”

“పేర్లు చెప్పను సార్.”

“చెప్పకపోతే సోమవారం నిన్ను ఇండియా పంపించేస్తాం.”

చదువు ఇంకొక్క ఏడాది ఉంది. తండాలో తండ్రి బిచ్యా, కొడుకు కొత్తగూడెం గనికి ఇంజనీరై వస్తాడని కనబడ్డ వాళ్ళందరికీ చెప్పేశాడు. పున్నయ్యకు కోపం, ఏడుపు రెండూ వచ్చాయి.

“చెప్పెయ్యరా, నీకు దణ్ణం పెడతాను!”

“ఎట్ల చెప్తరా? అంతంత సేపు లైనుల నిలబడ చేతనైతలేదని ఆ ముసలోళ్ళు నాకొక్కనికే చెప్పుకున్నరు. గందుకే కొన్న ధరకే వాళ్ళ ఇండ్లల్ల ఇచ్చొస్తున్న. ఆఫీసుల వాళ్ళ పేర్లు చెప్తే ఎంత నామోషీ!”

పున్నయ్య పుస్తకం మూసి లేచాడు. తిన్నగా వరండాలోకి వెళ్ళి, “మా భద్రును పంపించేస్తున్నారు” అని అవ్వలకు చెప్పాడు. హెలెనా అవ్వ మారు మాట్లాడకుండా ఊలు చుట్టుకుని లేచింది.

సోమవారం వార్డెను ఆఫీసులో పున్నయ్య కూర్చున్నాడు. భద్రు ఇంకా రాలేదు. తలుపు తెరుచుకుని ముందు హెలెనా అవ్వ వచ్చింది. తుడుపు కర్ర బల్ల మీద పెట్టింది.

“వంగలేను. నా కోసం ఇది తెచ్చాడు.”

వెనకే ఇంకో అవ్వ వచ్చింది. “చేప నాది. తినేశాను, చూపించలేను.”

మూడో ఆమె బల్బు తీసి పెట్టింది. వార్డెను ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. “అమ్మా, నువ్వా!”

“మెట్ల మీద చీకటిగా ఉందని నీకెన్నిసార్లు చెప్పాను? నీకు తీరదాయె. ఈ అబ్బాయికి తీరింది.”

వార్డెను ముఖం కందగడ్డ అయింది. “సరే సరే, భద్రు ఎక్కడికీ పోడు. ఇక అందరూ ఇళ్ళకు వెళ్ళండి.”

“కుదరదు” అంది హెలెనా అవ్వ. “లైనులో ఉన్నవాళ్ళందరికీ వంతు రావాలి.”

పున్నయ్య కిటికీలోంచి చూశాడు. లైను ఆఫీసు మెట్లు దిగి, గేటు దాటి, వీధి మలుపు తిరిగింది. ఈ కబురు చెబుదామని పరుగెత్తాడు. భద్రు కోసం ఎక్కడా వెతకాల్సిన పని లేకపోయింది. కాలేజీ నుంచి వస్తూ ట్రాము దిగాడు, లైను చూశాడు, చివర నిలబడ్డాడు. ముందున్నది టోపీ తాత.

“తాతా, ఏమిస్తున్నరు?”

“నిన్నే బాబూ. మాకే ఉంచమని అడగడానికి వచ్చాం.”

భద్రు బుర్ర గోక్కున్నాడు. మెడ సాచి ముందుకు చూశాడు. “గింత మందున్నరు. మనదాక వస్తదంటవా?”

“వార్డెను ఒప్పుకున్నాడురా! లోపలికి రా!” అని పున్నయ్య చెయ్యి పట్టి లాగాడు.

“ఆగురా. లైను తప్పితే బాగుండదు.”

పున్నయ్య పట్టిన చెయ్యి వదిలేశాడు. ఇస్త్రీ చొక్కా సర్దుకుని, జన్మలో మొదటిసారి, ఏమిస్తున్నారని అడక్కుండా భద్రు వెనక నిలబడ్డాడు.