మిస్త్రీ ఉన్నదా

నాందేడ్ జిల్లాలోని బిలోలి బస్టాండు వెనక మోటార్లు బాగుచేసే చిన్న దుకాణం చంద్రభాగది. ఆ వైపు మిస్త్రీ అన్న మాట చాలామందికి వాడతారు. గోడ కట్టేవాడు మిస్త్రీ, తలుపు బిగించేవాడు మిస్త్రీ, మోటారు సైకిలు బాగుచేసేవాడూ మిస్త్రీయే. పనితెలిసిన చేతికి ఆ పేరు. అయినా ఆ పిలుపు చాలాకాలం ఆమెదాకా రాలేదు. ఆ దుకాణంలో మిస్త్రీ అంటే ఆమె భర్త దేవన్న.

పదేళ్లు ఆయన పక్కన కూర్చుని ఆమె కాలిన మోటార్లకు రాగితీగ చుట్టింది. రెండేళ్ల కింద దేవన్నకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటినుంచి పనంతా ఆమెదే. వచ్చినవాళ్లు మాత్రం ఆమెను దాటి లోపలికి చూసేవాళ్లు.

పోయిన ఎండాకాలం మంజీర ఒడ్డునున్న ఒక ఊరినుంచి పంచాయతీ సభ్యుడు నందకిషోర్ కాలిపోయిన మోటారు తెచ్చాడు. ఊరికి తాగునీళ్లిచ్చే మోటారు అది.

"వదినా, మిస్త్రీ ఏడున్నడు?"

"ఏమైందో నాకు చెప్పు అన్నా."

"నెలల రెండుసార్లు కాలింది. మిస్త్రీకే చెప్త."

లోపల మంచం మీదినుంచి దేవన్న అన్నాడు: "నువ్వు మాట్లాడేది మిస్త్రీతోనే. ఇంకెవలు గావాలె?"

నందకిషోర్ మోటారును ఆమె ముందు దించాడు. చంద్రభాగ మోటారు విప్పి చూసింది. మూడు ఫేజుల తీగల్లో రెండు నల్లగా మాడాయి, మూడోది నిగనిగలాడుతోంది.

"ఒక ఫేజు అందుతలేదు. తప్పు మోటారుల లేదు, మీ స్టార్టర్ల ఉన్నట్టున్నది. ఎన్నిసార్లు చుట్టినా కాలుతది. నేనే మీ ఊరికొస్త."

మూడోనాడు కొత్త తీగ చుట్టిన మోటారుతో టెంపో ఎక్కింది. బావి దగ్గర సగం ఊరు నిలబడి ఉంది. కరెంటు తీయించి స్టార్టర్ డబ్బా తెరిచింది. లోపల కరెంటు అందించే ఒక బిళ్ల కాలి గుంటపడి, తాకీ తాకనట్టుంది. దాన్ని మార్చి, మోటారు బిగించి, బటన్ నొక్కింది. మూడు తీగల్లో కరెంటు సమానంగా ఉందని మీటరుతో చూసుకుని లేచేసరికి పైపులోంచి నీళ్లు ఎగజిమ్మాయి.

బిందెతో వచ్చిన ముసలామె శివవ్వ, "ఎవలు చేసిండ్రు బిడ్డా?" అని అడిగింది.

"ఈ మిస్త్రీ చేసింది," అన్నాడు నందకిషోర్.

తర్వాత ఊళ్లనుంచి ఫోన్లు చేసేవాళ్లు "మిస్త్రీ ఉన్నదా" అనడం మొదలుపెట్టారు. మాట పాతదే, దాని పక్కన 'ఉన్నడా' పోయి 'ఉన్నదా' వచ్చింది. ఆ మాట విన్నప్పుడల్లా దేవన్న ముఖం వెలిగేది.

ఈ ఏడు కూతురు కోమల్‌ను నాందేడ్ కాలేజీలో చేర్పిస్తుంటే, తల్లి పని అన్న గడిలో గుమాస్తా గృహిణి అని రాశాడు. చంద్రభాగ మరాఠీలో, నెమ్మదిగా, అది కొట్టేసి మిస్త్రీ అని రాయమంది. ఆయన, చుట్టిన తీగకు పూసే వార్నిష్ మరకలున్న ఆమె వేళ్లు చూసి, అడిగినట్టే రాశాడు. కోమల్ ఫారం తీసుకుని, సంతకం పెట్టేముందు ఆ గడిని ఇంకోసారి చదువుకుంది.