బాణం గుర్తు కింద అక్షరాలు

చరిత్రను ప్రేమిస్తున్నామని చెప్పుకునే మనకు, దాని ముఖాన రంగు పూసే హక్కు ఎవరిచ్చారు?

కోటబొమ్మాళి నుంచి రామతీర్థానికి మేం పదిమందిమి పాత కట్టడాలు చూస్తూ ఐదు రోజులు నడిచాం. వెనక వచ్చేవారు దారి తప్పకుండా రాళ్లపై ఎర్ర పెయింటుతో బాణాలు గీయడం నా పని. రోజూ పొద్దున్నే వారసత్వ సంపదపై ఉపన్యసించే మా నాయకుడు, నాలుగో రోజు పొలంగట్టు మీద ఒక నిలువురాయిని చూపించాడు. నేను దానిపై బాణం గీశాను.

మేకలు తోలుకొస్తున్న ముసలామె ఆగింది. "ఏటి బావూ, అచ్చరాల మీద రంగెట్టీసినావు? మా అత్త దీనిమీద పిడక కూడా కొట్టనిచ్చీది కాదు. మీరు సదూకున్నోలు కాదేటి?"

వంగి చూశాను. తడి రంగు కింద పాత లిపి మూడు వరుసలు మునిగిపోయాయి.

"ఎవరూ చదవలేని రాత ఉంటే ఎంత, పోతే ఎంత?" అన్నాడు నాయకుడు, ఆ బాణం పక్కనే ఫొటో దిగుతూ.

అతనిపై కలిగిన ఏవగింపు చిన్నది. కాలేజీలో ప్రతి వాదనా గెలిచి, గీసేముందు ఒక్కసారి రాయిని చూడని నాపై కలిగినది పెద్దది.

దారి గుర్తుల కోసం రాళ్లకు రంగు వేయకండి. ఇప్పటికే వేసివుంటే గీకకండి, రంగుతోపాటు అక్షరాలూ పోతాయి. ఈ వారమే పురావస్తు శాఖకు తెలపండి, వేసింది మీరేనని కూడా చెప్పండి.