ఒక్కసారే తిరిగిన టైర్లు

పోయిన ఆదివారం మా బావ ట్రైలర్ కొంటానని ఫరీదాబాద్ నుంచి ఒకాయన వచ్చాడు. గుర్రాల ట్రైలర్ అది. కారు వెనక తగిలించి లాక్కెళ్ళే ఇనప గది, లోపల రెండు గుర్రాలు పక్కపక్కన నిలబడేంత చోటు, కింద నాలుగు చక్రాలు. గురుగ్రామ్‌లో మా అక్కా బావా ఉండే అపార్ట్‌మెంట్ల వెనక, జనరేటర్ పక్కన, ఐదేళ్ళుగా టార్పాలిన్ ముసుగులో పడి ఉంది. దాన్ని తీసెయ్యమని సొసైటీ సెక్రటరీ నోటీసు మీద నోటీసు పంపి, ఆఖరికి ఆయనే విసిగి ఊరుకున్నాడు. వచ్చినాయన ముసుగు ఎత్తి, చుట్టూ ఓసారి తిరిగి, వంగి చక్రాల మీద చెయ్యి వేసి "టైర్ తో బిల్కుల్ నయే హై" అన్నాడు. టైర్లు కొత్తవేనట. నాకు నవ్వొచ్చింది, వెంటనే నీరసమూ వచ్చింది. ఐదేళ్ళ కిందట ఆ టైర్ల కోసం తిరిగిన తిరుగుడు తలుచుకుంటే ఇప్పటికీ నా మోకాళ్ళు మూలుగుతాయి.

మా బావది విజయనగరం వైపు. సైన్యంలో గుర్రపు స్వారీ నేర్పే ఉద్యోగం చేసి రిటైరై, ఊరికి పోకుండా ఇక్కడే శివార్లలో కాస్త పొలం అద్దెకు తీసుకుని, మూడు గుర్రాలతో పిల్లలకి స్వారీ నేర్పేవాడు. మా అమ్మాయీ అక్కడే నేర్చుకుంది. బావ తెలుగులో కసిరితే అది హిందీలో జవాబిచ్చేది, మధ్యలో గుర్రం మాత్రం ఇద్దరి మాటా వినేది. పిల్లలు పెద్దవాళ్ళై ట్యూషన్లలో పడ్డారు. రెండు గుర్రాలు అమ్ముడుపోయాయి. మూడోది ముసలి ఆడగుర్రం, కళ్ళ పైన గుంటలు పడి, మూతి నెరిసినది. బావ దాన్ని 'పిల్ల' అనేవాడు. ఇంతలో పొలం యజమాని స్థలాన్ని బిల్డరుకి ఇచ్చేసి, నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నాడు. ముసలి గుర్రాన్ని తీసుకుంటానన్నవాడు ఒక్కడే, పెళ్ళి ఊరేగింపులకి గుర్రాలు తిప్పే ఆసామి. ఢిల్లీ పెళ్ళిళ్ళ రోజుల్లో ఆ బ్యాండు మోతలో, ఆ టపాకాయల మధ్య దాన్ని నిలబెడతారంటే బావ అన్నం మానేసినంత పని చేశాడు. అదృష్టం కొద్దీ హిసార్ అవతల పొలమున్న పాత సైన్యం స్నేహితుడొకాయన, దాన్ని తెచ్చి దింపితే చచ్చేదాకా చూసుకుంటానన్నాడు. తీసుకెళ్ళాల్సింది ఆ ట్రైలర్‌లో, లాగాల్సింది నా కారు. ట్రైలరేమో అప్పటికే మూడేళ్ళుగా కదల్లేదు.

నేను టైర్లు చూశాను. గ్రిప్ నిండుగా ఉంది. "ఇవి ఎక్కడ తిరిగాయి బావా, కొత్తవే కదా, గాలి కొట్టించుకుని పోదాం" అన్నాను. వారమంతా ఆఫీసు క్యాబ్‌లో రోజుకి మూడు గంటలు కూర్చునేవాణ్ణి, ఒక్క ఆదివారం కాళ్ళు చాపుకుందామని నా ఆశ. బావ బొటనవేలితో టైరు పక్కభాగాన్ని నొక్కాడు. వెంట్రుక మందాన పగుళ్ళు తెరుచుకున్నాయి. "తిరిగితే గ్రిప్ అరుగుతాది. నిలబడితే రబ్బరు ఎండిపోతాది. ఏటి బావమరిదీ, ఇన్నేళ్ళు కారు నడిపినావు, ఇది తెల్దా?" అన్నాడు. తెలీదు. నా కార్లన్నీ టైర్లు ఎండేలోపే ఆఫీసువాళ్ళు మార్చేసేవారు.

సరే, నాకు తెలిసిన పద్ధతిలో దిగాను. లాప్‌టాప్ తీసి, కొలతలు, మోయగల బరువులు, జనం రాసిన అభిప్రాయాలు అన్నీ పట్టికలో పెట్టి, రెండు సాయంత్రాలు తగలేసి, మెత్తగా పోయే మంచి కారు టైర్లు ఎంచాను. సాకేత్‌లో అద్దాల తలుపులున్న టైర్ల షాపుకి బావని తీసుకెళ్ళి గొప్పగా చూపించాను. ముసలి ప్రాణం కదా, కుదుపులుండవని నా లెక్క. గుర్రాల బండికి అనగానే కౌంటర్ దగ్గరి కుర్రాడు నవ్వు ఆపుకోలేకపోయాడు. బావ ఆ టైరు పక్కల్ని అరచేత్తో అదిమి చూసి తల అడ్డంగా ఊపాడు. "గుర్రం కూర్చోదురా. దారంతా ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి బరువు మార్చుకుంటూ నిలబడతాది. పక్కలు మెత్తగా ఉంటే బండి ఊగుతాది, ఊగితే అది భయపడి ఇంకా ఊపుతాది. సామాన్ల బండికేసే గట్టి టైరు కావాలి" అన్నాడు. నా పట్టికలో ఆ గడే లేదు.

ఆ గట్టి రకంలో ఆ సైజు దొరకడం గగనమైంది. మూడు ఆదివారాలు తిరిగాం. పాత ఢిల్లీలో ఒక షాపాయన లోపల్నించి నాలుగు టైర్లు దొర్లించుకొచ్చాడు. నల్లగా మెరిసిపోతున్నాయి. "ఏక్‌దమ్ నయా మాల్, అంకుల్‌జీ" అన్నాడు, అచ్చంగా కొత్త సరుకేనని. నా ప్రాణం లేచొచ్చింది. బావ జేబురుమాలు తీసి, ఒక చోట ఆ నల్ల పాలిష్ తుడిచి, కళ్ళద్దాలు పైకెత్తి వెతికాడు. టైరు పక్కన చిన్న గడిలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ అది తయారైన వారం, తర్వాతి రెండూ ఏడాది. గుర్రాన్ని కొనేటప్పుడు కూడా బావ అంతే, అమ్మేవాడు ఎంత వయసు చెప్పినా వినకుండా నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. ఆ టైర్లు మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు తయారైనవి. అప్పటికి అది ఇంజనీరింగ్ కూడా ముగించేసింది.

ఎండ మాడ్చేస్తోంది, షర్టు వీపుకి అంటుకుపోయింది, నాకు ఓపిక చచ్చింది. "వాడనివే కదా బావా, ఒక్క ప్రయాణానికి చాలవా? పగిలితే దారిలో ఆపుకుని మార్చుకుంటాం" అని గట్టిగానే అన్నాను. బావ కోప్పడలేదు. "మనం ముందు కూర్చుంటాం. అది వెనక చీకట్లో నిలబడి ఉంటాది. ఏం పగిలిందో దానికి తెల్దు. నేను ఎక్కమంటే ఎక్కుతాది, అంతే" అన్నాడు. సిగ్గేసింది. కారు తీశాను.

చివరికి మా ఇంటికి రెండు కిలోమీటర్లలోనే, లారీల అడ్డా దగ్గరున్న ఒక రేకుల షెడ్డులో దొరికాయి. తయారై రెండు నెలలైన టైర్లు, స్టెప్నీతో కలిపి ఐదు. పాతవాటిలో ఒకదాన్ని రిమ్ము నుంచి ఊడదీస్తుంటే, మెకానిక్ గడ్డపార ఆనించిన చోట అది ఎండు అట్టముక్కలా బారెడు చీలిపోయింది. కొత్తదే కదా అని నేనన్న టైరు అదే. బావ నా వంక చూశాడు, దెప్పలేదు. దెప్పి ఉంటే బాగుండేది.

బయల్దేరే రోజు తెల్లారగానే అక్క నాలుగు నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టింది. తొక్కించుకుని కదిలాం. గంటకోసారి ఆపి, బావ దిగి నాలుగు టైర్ల మీదా అరచెయ్యి ఆనించి వేడి చూసేవాడు, తర్వాత తలుపు సందులోంచి "ఏమ్మా, బానే ఉన్నావా?" అని అడిగేవాడు. హిసార్ దాటేదాకా అదే తంతు. పొలంలో దింపగానే పిల్ల తోక విదిలించుకుని నేరుగా గడ్డిలోకి నడిచింది, వెనక్కి తిరిగి చూడలేదు. ఖాళీ ట్రైలర్ కడకడలాడుతుంటే వెనక్కొచ్చేశాం. రెండు చలికాలాల కిందట పిల్ల నిద్రలోనే పోయిందని ఆ స్నేహితుడు ఫోన్ చేశాడు.

కొత్త టైర్లేనని ఫరీదాబాద్ ఆయన అన్నప్పుడు, నేను బావకి కళ్ళతో సైగ చేశాను, ఊరుకో, పీడా వదుల్తుంది అని. బావ చేతికర్ర నా చేతికిచ్చి, కష్టపడి వంగి, జేబురుమాలుతో దుమ్ము తుడిచి, ఆ నాలుగంకెలు ఆయనకి చూపించాడు. "యే పురానే హో గయే, భాయ్. ఘోడా చఢానే సే పహలే బదల్ దేనా" అన్నాడు. గుర్రాన్ని ఎక్కించే ముందే మార్చెయ్యమని. ఆయన తెల్లబోయి, మార్పించాకే తీసుకెళ్తానని మాటిచ్చి వెళ్ళాడు. బావ టైరు అంచున, కొత్తవాటికి వెంట్రుకల్లా ఉండే, ఇంకా ఊడని రబ్బరు నూగుని వేలితో నిమురుతూ "ఒక్కసారే తిరిగాయిరా" అన్నాడు. లేవడానికి నా భుజం పట్టుకున్నాడు. పడకుండా నేను ట్రైలర్‌ని పట్టుకోవాల్సొచ్చింది. ఎక్కడికీ కదలకుండా ఇక్కడే ఉన్నాం గదా అనుకుంటూనే ఉన్నాం, ఐదేళ్ళు మా ఇద్దరి మీదుగా నడిచి వెళ్ళిపోయాయి.