సాక్ష్యం చెప్పిన టైటానియం పలక

కొబ్బరినూనె వేడెక్కి పొగలెత్తే వాసన నాకు ఇవాళ్టికీ వంటింటిని గుర్తుచేయదు. కరీంనగర్‌లో నేను నడుపుతున్న చిన్న మిషన్ షాపులో, డ్రిల్లు కింద ఆ వాసన లేచిందంటే నేను పన్నెండేళ్ల పిల్లనై మా ఇంటి వెనక షెడ్డులో నిలబడతాను.

అది మరమగ్గాల షెడ్డు. మావైపు నాన్నను బాపు, అమ్మను అవ్వ అన్నట్టే వాటిని సాంచాలంటారు. ఎడతెగని వాటి మోత, గాలిలో తేలే నూలు నుసి, ఎండాకాలం రేకుల కింద ఉడుకు, అవ్వ ఆరబెట్టిన మామిడి ముక్కల పులుపు, వీటన్నిటి మధ్య మా సందు పిల్లలం గల్ఫ్ నుంచి వచ్చిన రిమోట్ కార్లను పరిగెత్తించేవాళ్లం. నా కారు కంకరలో బోల్తాపడి, చక్రాలనూ మోటారునూ మోసే ప్లాస్టిక్ చట్రం నడిమికి విరిగింది. గల్ఫ్‌లో సముద్రపు నీటిని మంచినీరు చేసే కంపెనీలో ఫిట్టరుగా ఉన్న బాపు, సెలవుకు వస్తూ అత్తరు సీసాల బదులు తువ్వాలలో చుట్టి ఒక టైటానియం పలక తెచ్చాడు. అక్కడ మిగిలిన ముక్కను అడిగి తెచ్చుకున్నాడట.

"గిదొక్కటే ఉన్నది బిడ్డా. ఖరాబైతే మల్ల దొరకది," అన్నాడు. చట్రం నేనే చేస్తానన్నాను.

శుక్రవారం ఇంటి ప్రార్థనకు వచ్చిన మా సంఘ పెద్ద, సర్వపిండి తింటూ నా బైబిల్లోంచి జారిన చట్రం బొమ్మ చూశాడు. "ఆడపిల్లకు కార్ల పిచ్చేంది? గిది లోకం పోకడ," అన్నాడు. బాపు ఆయన మాట తీసేయలేడు. "గీ పలకతోని ఐతే ఐనట్టు. లేకుంటె కారు ఎవలకన్న ఇచ్చేద్దాం, మల్ల దాని ఊసెత్తద్దు," అని నాకు తేల్చి చెప్పాడు.

సాంచాలు బాగుచేసే రాజన్న ఇనుముతోనే పెరిగినవాడు. రంధ్రాలకు మాత్రం అతని సాయం అడిగాను. కరెంటు డ్రిల్లు పూర్తి వేగంతో తిప్పాడు. బిట్టు కీచుమని అరిచి, మొన మాడిపోయింది. పలకమీద గాజులా మెరిసే చుక్క పడింది తప్ప రంధ్రం పడలేదు. "మాట వినని ఇనుమును కొలిమిల పెట్టుడే," అని, పైకి వంచాల్సిన మూలను ఎర్రగా కాల్చాడు. బయటికి తీస్తే నీలం, ఊదా, బంగారు రంగులు తిరిగి ఎంత అందంగా ఉందో! సుత్తి తగలగానే ఆ మూల పెంకులా పగిలింది. "గిది ఇనుము కాదే, నా ఇజ్జత్ తీసింది," అన్నాడు రాజన్న.

సంగతి విన్న పెద్ద, "దేవుడే ఇరగ్గొట్టిండు," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. బైబిల్లో ఆరాధన గుడారం కట్టినప్పుడు లోహం పనివాళ్ల చేతులకు నేర్పు ఇచ్చింది దేవుడేనని ఆదివారం బడిలో నాకు నేర్పింది ఈ సంఘంవాళ్లే కదా. షెడ్డులో మోకాళ్లూని అద్భుతం అడగలేదు, బుద్ధి అడిగాను. వేగానికే బిట్టు మాడిందని తోచింది. లేచి, పగిలిన మూల పోను మిగిలినంతలో సన్నటి చట్రం కొత్తగా గీశాను. రాజన్న దగ్గరున్న చేతితో తిప్పే డ్రిల్లు తెచ్చి, అవ్వ కొబ్బరినూనె చుక్కలు వేస్తూ, ఛాతీ ఆనించి గట్టిగా అదిమి, మెల్లగా తిప్పాను.

"తలకు లేని నూనె దానికి పెడుతున్నవా!" అని అవ్వ నవ్వింది. వెండి రంగు పొట్టు సుడి తిరిగి పైకి లేచింది. ఎనిమిది రంధ్రాలకు వారం పట్టింది, అంచులు కోసి అరగదీయడానికి మరో వారం. అరచేతుల నిండా బొబ్బలు.

ఆ ఆదివారం ఆరాధనలో, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల వేళ, జ్వరం తగ్గినవాళ్లూ వీసా వచ్చినవాళ్లూ చెప్పుకున్నాక, నేను చట్రం పట్టుకుని లేచాను.

"గది పక్కకు పెట్టి చెప్పు," అన్నాడు పెద్ద.

"గిదే చెప్పేది, తాతా. దేవుడు నా చేతులకు బుద్ధి ఇచ్చిండు. పలకను ఇరగ్గొట్టింది ఆయన కాదు."

బయట చెప్పుల దగ్గర నిలబడి వింటున్న రాజన్న ఉండబట్టలేక తల లోపలికి పెట్టాడు. "కాల్చింది నేను పెద్దాయనా. జర దేవుని మీదికి నెట్టకు!"

సంఘమంతా నవ్వింది. బాపు మాత్రం లేచి వచ్చి, ఆ చట్రాన్ని అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకున్నాడు.

ఇప్పుడా షెడ్డు లేదు, రాజన్నా లేడు. మా ప్రార్థన మందిరంలో పెద్ద తెర వచ్చింది. సాక్ష్యం చెప్పాలంటే ముందే చీటీ రాసి కమిటీకి ఇవ్వాలి, వాళ్లు చదివి ఒప్పుకోవాలి. నేను చీటీ ఇవ్వను. లేచి నిలబడతాను.