మట్టి అద్దని అరికాళ్లు

మొన్న ఆదివారం మనవరాలు నా మడమల పగుళ్లకు క్రీము తెచ్చింది. మూత తీయగానే ఆముదం వాసన, దాని వెనకే తేనెమైనం వాసన. మళ్లీ మూత బిగించేశాను.

నాకప్పుడు తొమ్మిదేళ్ల నాలుగు నెలలు. వైశాఖంలో మా నూజివీడు తోటలో కోతలు మొదలైతే, ఎండుగడ్డి మీద చిన్నరసాల కుప్పలు, తొడిమల నుంచి కారే సొన ఘాటు, చద్దన్నంలోకి మామిడి తురుము, మేం పిల్లలం టెంకలతో ఆడే ఆటలు, కాయ ఏరే ఆడవాళ్ల సరసాలు, అన్నీ కలిసి ఒకే పొడుగాటి రోజులా గుర్తున్నాయి. చిక్కపు గెడ అందని పైకొమ్మల కాయ కోసేది మా పాలేరు నాంచారయ్య. అతని అరికాళ్లు నెర్రెలిచ్చిన మాగాణిలా ఉండేవి. ఎక్కేముందు గుప్పెడు పొడిమట్టి తీసి వాటికి రుద్దుకునేవాడు. చెట్టుకు దణ్ణం లాంటిదేమో అనుకునేదాన్ని.

ఒక సాయంత్రం ఆ పగుళ్లలో నెత్తురు చూసి, అమ్మ మడమలకు రాసుకునే ఆముదం, మైనం ముద్దను ఎవరికీ చెప్పకుండా తెచ్చి ఇచ్చాను. మూడు రోజులు రాసుకున్నాడు. నాలుగో రోజు పొద్దున కాయ ఏరుతున్న అతని వదిన వెంకాయమ్మ నవ్వింది.

"ఏం మరిదీ, పెళ్లికొడుకు కాళ్లలా నిగనిగలాడుతున్నాయి?"

"నీ కళ్లు పడ్డాయిగా వదినా, ఇంకేం మిగులుద్ది," అన్నాడు.

మట్టి కోసం వంగి, ఎదురుగా నిలబడ్డ నన్ను చూశాడు. నేనిచ్చిన మందు మీద మట్టి పులమడం ఇష్టం లేకపోయిందేమో, చెయ్యి వెనక్కి తీసుకుని అలాగే ఎక్కాడు. మూడో పంగ దగ్గర కాలు జారింది. అది నేలకు పదిహేడు అడుగులు. తర్వాత తాడు వేయించి కొలిచాను. తుంటి విరిగి డెబ్బై రెండు రోజులు మంచం మీదున్నాడు. మళ్లీ చెట్టెక్కలేదు.

నాన్న అడిగితే బెరడు వానకు తడిసిందన్నాడట. ఆ నెలలో చినుకు పడలేదు. కూలీలు మాత్రం వెంకాయమ్మ దిష్టి తగిలిందన్నారు. ఆ తర్వాత ఏ తోటకూ ఆమెను ఏరడానికి పిలవలేదు. నాంచారయ్యను చూడ్డానికి వెళ్లినప్పుడు, మందు సంగతి అమ్మతో చెప్పేస్తానన్నాను.

"వద్దు పాపగారూ. మిమ్మల్ని కొడతారు," అన్నాడు.

మరి వెంకాయమ్మ సంగతేంటని నేను అడగలేదు.

మనవరాలు ఇక్కడే ఇంజినీరింగ్ చదువుతోంది. ఎంత నున్నని ఉపరితలమైనా సూక్ష్మదర్శినిలో గుట్టలూ లోయలేనట. రెండు వస్తువులు ఆనుకున్నట్టు కనబడినా, నిజంగా తగిలేది ఆ గుట్టల కొనలేనట, పట్టంతా వాటిదేనట. మధ్యలో నూనె చేరితే కొనలు ఒకదాన్నొకటి అందుకోలేవు. పొడిమట్టి ఆ నూనెను పీల్చేసుకునేదే.

"మరి దిష్టి ఇందులో ఎక్కడా రాదా?" అని అడిగాను.

"దిష్టేంటి అమ్మమ్మా," అని నవ్వింది.

ఇప్పుడు కోతకు అల్యూమినియం నిచ్చెనలు వచ్చాయి. తోటలో సగం పామాయిల్ అయింది. ఆ చెట్టును నిరుడు కొట్టేశారు. పడి ఉన్న మాను మీద మూడో పంగ దాకా మళ్లీ కొలిచాను. పదిహేడే. నాంచారయ్య లేడు, వెంకాయమ్మ లేదు. ఆమె కూతురు మైలవరంలో ఉంది. బస్సులో గంట ప్రయాణం. ఇంతవరకూ వెళ్లలేదు.